ఊళ్లో కొత్త కార్ పార్కింగ్ కడతారట, బడి వెనక మైదానంలోనా, ఊరి బయటా?

గేటుముందుకారు
కొండ కింద చిన్న ఊరు మాది. పైన జలపాతం, దానికి పోయే దారిలో పాత కోట. సెలవు రోజు వస్తే ఊరి జనం కన్నా కార్లే ఎక్కువ. ఊళ్లోకి ఉన్నది ఒకటే రోడ్డు, వెడల్పు అయిదున్నర మీటర్లు. దానికి రెండు పక్కలా ఆపేస్తారు. "గేటు ముందు బండి ఆపరాదు" అని బోర్డు రాయిస్తే, ఒకాయన తన తెల్ల కారు ఆ బోర్డుకే ఆనించి ఆపి పైకి పోయాడు. ఇప్పుడు పంచాయతీ వాళ్లు బడి వెనక రెండెకరాల మైదానంలో పార్కింగ్ కడతామంటున్నారు. ఊళ్లో సగం మందికి సంబరం, సగం మందికి మంట. రెండెకరాల్లో ఎన్ని కార్లు పడతాయి? తారు వేయాలా, కంకర చాలా? అసలు ఊరి నడిమధ్య కట్టొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. "ఊరు ఖాళీ చేసెయ్" అనే సలహా మాత్రం వద్దు, అది మా బావమరిది ఇచ్చేశాడు.

నాలుగోగేరు
కట్టేయండి, ఆలోచన దేనికి? కార్లో వచ్చేవాళ్ల తరఫున చెబుతున్నా. ఆపడానికి చోటు లేకే గేట్ల ముందు ఆపుతాం, సరదాకి కాదు.

గేటుముందుకారు
ఆ తెల్ల కారు మీదేనా?

నాలుగోగేరు
నాది ఎర్రది. బతికిపోయా.

పాతఇంజనీరు
ముందు లెక్క చెబుతా, తర్వాత అసలు సంగతి.

కారు నిలిపే గడి సాధారణంగా 2.5 × 5 మీటర్లు. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లే. చాలామంది రెండెకరాలను దీంతో భాగించి "ఆరు వందల కార్లు పడతాయి" అని సంబరపడతారు. కారు గాల్లోంచి గడిలోకి దిగదు కదా. గడులు దారికి లంబంగా ఉంటే మధ్య దారి 6 మీటర్లు కావాలి. రాకపోకలు, మలుపులు కలుపుకుంటే కారుకి 25 నుంచి 30 చదరపు మీటర్లు పడుతుంది. రెండెకరాలంటే సుమారు 8,090 చదరపు మీటర్లు. మరుగుదొడ్లు, చెట్లు, కాలువ, నడకదారి తీసేస్తే 220 కార్ల చోటు మిగులుతుంది. అంతకు మించి గీతలు గీస్తే తలుపు తెరుచుకోక జనం కిటికీల్లోంచి దిగాలి.

ఇక అసలు సంగతి. ఆ 220 కార్లూ బడి వెనక్కి చేరాలంటే ఊరంతా దాటే వెళ్లాలి. మళ్లీ అదే రోడ్డు మీద తిరిగి రావాలి. కారు వెడల్పు దాదాపు 1.8 మీటర్లు. రెండు వైపులా ఆపి ఉంటే మీ అయిదున్నరలో మిగిలేది 1.9. అందులో అంబులెన్స్ పట్టదు. మైదానం నిండాక వచ్చే కారు ఏం చేస్తుంది? చోటు కోసం ఊళ్లోనే చక్కర్లు కొడుతుంది. ఊరి మధ్య పార్కింగ్ కడితే రద్దీని మీరే బొట్టు పెట్టి పిలిచినట్టు. మొదటి ఇల్లు రాకముందే, ఊరి బయట కట్టాలి. నా ఓటు దానికే.

మూలకొట్టు
చెప్పడం తేలికే. ఊరి బయట ఆపితే జనం అక్కణ్నుంచే జలపాతానికి పోయి, చూసి, వెనక్కి పోతారు. ఊళ్లో పది కొట్లున్నాయి, మేమేం చేయాలి? రద్దీ ఉన్నచోటే బేరం. రెండు వైపులా కార్లు ఆగితేనే మా గల్లాపెట్టె కదిలేది.

లెక్కలపంతులు
మూలకొట్టు గారూ, కొట్లవాళ్ల అంచనా ఒక్కోసారి తప్పుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2006లో ఒక సర్వే జరిగింది. "మీ కొనుగోలుదారుల్లో ఎంతమంది కార్లో వస్తారు?" అని దుకాణదారుల్ని అడిగితే 41 శాతం అన్నారు. కొనుగోలుదారుల్నే అడిగితే తేలింది 22 శాతం.

మూలకొట్టు
అది నగరం పంతులుగారూ. ఇక్కడికి అరవై కిలోమీటర్లు నడిచి ఎవడొస్తాడు? మా దగ్గర అడిగితే నూటికి నూరూ కారే.

లెక్కలపంతులు
నిజమే, ఆ అంకె మీ ఊరికి అతకదు. కానీ కార్లో వచ్చాడా లేదా అన్నది పక్కన పెట్టండి. కొట్లో కొనేది కారు దిగి నడిచే మనిషి. బడి వెనక ఆపితే కారు దిగి నేరుగా జలపాతం మెట్లెక్కుతాడు, మీ మూల మీదుగా రానే రాడు. ఊరి బయట ఆపి, నడకదారి కొట్ల ముందు నుంచే వేస్తే పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి మీ గుమ్మం చూస్తాడు. మామూలు నడకకి నిమిషానికి 80 మీటర్లు. 400 మీటర్లంటే అయిదు నిమిషాలు. అంతకు మించితే జనం గొణుగుతారు, కిలోమీటరైతే తిరగబడతారు.

మూలకొట్టు
నడకదారి ఎటు వేస్తారో కాగితం మీద చూపించాక మాట్లాడదాం. "కొట్ల ముందు నుంచే" అని చెప్పి చివరికి చేల గట్టు మీదుగా అడ్డదారి వేసిన ఊళ్లు లేవా?

పాతఇంజనీరు
ఉన్నాయి. మీ అనుమానం న్యాయమే, ఆ షరతు రాతలో పెట్టించండి.

బస్సుస్టీరింగ్
కార్ల గోలే గానీ బస్సు గురించి ఎవరూ ఎత్తరేం? టూరిస్టు బస్సు తోలి బతికేవాణ్ని. 12 మీటర్ల బండి తిరగాలంటే బయటి వృత్తం వ్యాసార్ధం పన్నెండున్నర మీటర్లు కావాలి. ప్లాన్ గీసేవాళ్లు కార్ల గడులన్నీ నింపేసి మిగిలిన మూలలో "బస్సులు" అని రాస్తారు. ఆ మూలలో బస్సు దూరుతుంది, బయటికి రాదు. పోయిన సీజన్‌లో ఒకచోట మెయిన్ రోడ్డు దాకా రివర్స్‌లోనే వచ్చాను. క్లీనర్ వెనక నిలబడి విజిల్, ముందు నలభై మంది ప్రయాణికుల సలహాలు.

బస్సుకి కావాల్సింది రెండు చోట్లు. జనాన్ని దించి ఎక్కించుకునే చోటు ఊరికి దగ్గరగా, అయిదు నిమిషాలు ఆగేలా. ఖాళీ బస్సు నిలబడే చోటు దూరమైనా పర్లేదు, నిద్రపోడానికి నీడ ఉంటే చాలు. బస్సు లోపలికి వచ్చిన దారిన కాక ఇంకో దారిన బయటికి పోవాలి. రివర్స్ అన్నమాటే రాకూడదు, వెనక పిల్లలు తిరుగుతుంటారు.

నాలుగోగేరు
నలభై మంది సలహాలు 😂 మా ఇంట్లో వెనక సీట్లో ఒక్కరే, ఆ నలభై మంది పని చేస్తారు.

అమ్మతోపాటు
అమ్మ చక్రాల కుర్చీలో ఉంటుంది. ఊరి బయట, 400 మీటర్ల నడక, అందరూ తలలూపేశారు. మాలాంటివాళ్లు?

పైగా కంకర అంటున్నారు. కంకరలో కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, కూరుకుపోతాయి. వెనక్కి తిప్పి లాక్కుపోవాలి, అప్పుడు అమ్మ ఎటు చూస్తుంది? వచ్చిన దారిని. గడి మామూలు వెడల్పుంటే తలుపు పూర్తిగా తెరిచి పక్కన కుర్చీ పెట్టడానికి చోటు చాలదు, 3.6 మీటర్లు కావాలి. నేల గట్టిగా, దాదాపు సమతలంగా ఉండాలి. వాలు యాభైకి ఒకటి మించితే బ్రేకు వేయని కుర్చీ జారిపోతుంది. "వికలాంగులకు" అని నేల మీద బొమ్మ గీసి, ఆ గడి నుంచి పైకెక్కడానికి మూడు మెట్లు కట్టిన ఘనులున్నారు.

పాతఇంజనీరు
అమ్మతోపాటు గారు చెప్పినదాంతో బడి మైదానానికి ఒక పని దొరికింది. అందులో అంచున పది పన్నెండు గడులు, గట్టి నేలతో, కుర్చీ వాడేవాళ్లకీ బాగా పెద్దవాళ్లకీ. మిగతా మైదానం పిల్లలకే వదిలేయండి. మిగిలినవాళ్లంతా బయట.

గేటుముందుకారు
ఇది నచ్చింది. బడి మాస్టారుకి కూడా నచ్చుతుంది, ఆటల పీరియడ్ పోతుందని ఆయన దిగులు. కానీ ఆ పది గడుల్లో ఎర్ర కారు వచ్చి ఆగదని గ్యారంటీ ఏమిటి?

నాలుగోగేరు
మళ్లీ నా మీదికేనా.

నీళ్లదారి
తారు ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరుకి ఒక లీటరు. రెండెకరాల మీద ఒక గట్టి వాన, 50 మిల్లీమీటర్లు అనుకోండి, నాలుగు లక్షల లీటర్లు. మట్టి నేలైతే చాలాభాగం తాగుతుంది. తారు వేస్తే దాదాపు అంతా పారుతుంది, అదీ ఒక్క గంటలో. ఆ నీళ్లు ఎటు పోతాయి? పల్లానికి. పల్లంలో ఎవరున్నారు? ఇళ్లో, చెరువో, లేదా జనం చూడ్డానికొచ్చే ఆ వాగే. నీళ్లతోపాటు టైర్ల రజను, కార్ల నుంచి కారిన నూనె కూడా.

నీళ్లు ఇంకే పేవర్ రాళ్లు వేయొచ్చు. వాటి కింద పరిచే కంకరలో రాతిపొడి అస్సలు ఉండకూడదు, కడిగిన కంకర కావాలి. రాళ్ల మధ్య సందుల్లో ఇసుక కాదు, సన్న రాతి చిప్స్ పోయాలి. మేస్త్రీలు అలవాటు ప్రకారం ఇసుక పోసి నీళ్లు చల్లి చీపురుతో తోసేస్తారు, అంతటితో సందులు మూసుకుపోతాయి, తర్వాత అదీ తారూ ఒకటే. నల్లరేగడి లాంటి బంకమట్టి నేలైతే కింద కూడా ఇంకదు, గొట్టం పెట్టి మెల్లగా బయటికి వదలాలి. ముందు గొయ్యి తవ్వి నీళ్లు పోసి ఎంతసేపట్లో ఇంకుతాయో చూసుకోండి.

పాతఇంజనీరు
పేవర్లు సరే. రంధ్రాల దిమ్మెలు వేసి మధ్యలో గడ్డి పెంచుతారు చూడండి, అది మాత్రం ఇక్కడ నప్పదు. రోజూ పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా కారు నీడలో ఉంటే గడ్డి చస్తుంది. ఏడాదికల్లా దుమ్ము, దిమ్మెలు మిగులుతాయి.

నీళ్లదారి
రోజూ ఆగే చోట చస్తుంది, ఒప్పుకుంటా. వారానికి రెండు రోజులు నిండే అదనపు చోటుకి గడ్డి దిమ్మెలు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. కార్లు నిత్యం నడిచే దారి గట్టిది చేయండి, నిలిచే గడులు పేవర్లు, చివరి వరుసలు గడ్డి. మొత్తానికి ఒకే సరుకు వేయాలని ఎవరు చెప్పారు?

పాతఇంజనీరు
కాంట్రాక్టరు చెబుతాడు. ఒకే సరుకైతే ఒకే బిల్లు.

రెండోపంట
ఇంత కట్టుబడి ఎందుకో నాకర్థం కావట్లేదు. మా ఊరు కూడా ఇలాంటిదే. పంట కోశాక నా చేను ఖాళీ. సీజన్ వారాంతాల్లో మేకులు పాతి, తాడు కట్టి, కార్లు ఆపనిస్తాను. సీజన్ అయ్యాక దున్నేస్తాను, కారు జాడ కూడా ఉండదు. ఏడాదిలో జనం విరగబడేది కొన్ని వారాలు. దానికోసం ఏడాది పొడుగునా రెండెకరాల తారుని ఎండలో పడుకోబెట్టడం దేనికి?

నాలుగోగేరు
వాన పడితే?

రెండోపంట
ట్రాక్టరు ఉంది. లాగుతాను.

నాలుగోగేరు
ఆ లాగుడు ఉచితమా?

రెండోపంట
వాన పడ్డరోజు అలాంటి ప్రశ్న ఎవరూ అడగరు బాబూ 😄 అయినా ఒక చిట్కా చెబుతా. చేను మొత్తం పాడవదు. ముందు బురదయ్యేది గేటు దగ్గర మొదటి పదిహేను అడుగులే. ప్రతి కారూ అక్కడే తిరుగుతుంది, అక్కడే బ్రేకు వేస్తుంది. గేటు దగ్గర గులకరాయి, దాని మీద కంకర పోసి గట్టిగా రోల్ చేయించా. లోపల చేను చేనులాగే ఉంది. రెండు చక్రాల బళ్లని మాత్రం చేలోకి రానివ్వను, స్టాండు దిగబడి వరసగా పడిపోతాయి. వాటికి రోడ్డు పక్క గట్టి నేల చూపిస్తా.

పాతఇంజనీరు
రెండోపంట గారి మాటలో ఇంజనీరింగ్ ఉంది. రోడ్లకి కూడా ఏడాదిలో అన్నిటికన్నా రద్దీ గంటను చూసి వెడల్పు నిర్ణయించరు. ఏడాదిలో గంటలన్నిటినీ రద్దీ వరసన పేర్చి, ముప్ఫయ్యో గంటని తీసుకునే పద్ధతి ఉంది. పైనున్న ఇరవైతొమ్మిది గంటలు ఇబ్బంది పడనిస్తారు. పార్కింగ్‌కీ అంతే. మామూలు ఆదివారానికి సరిపడా గట్టిగా కట్టు, పండగ రోజు పొంగితే పక్క చేలో తాడు కట్టు. పెద్ద పండగ రోజుని చూసి కడితే మిగతా ఏడాదంతా ఖాళీ మైదానాన్ని ఊడవాలి.

తీరిగ్గాతిరిగేవాడు
ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అని సరస్సు ఒడ్డున ఒక పల్లె. జనాభా ఎనిమిది వందల లోపు. రద్దీ రోజుల్లో పదివేల మంది దాకా వస్తారు. 2020 నుంచి టూరిస్టు బస్సులు ముందే టైము బుక్ చేసుకుని రావాలి, లేకపోతే దించడానికి కుదరదు. అయినా సరిపోక 2023 ఆగస్టులో ఊరివాళ్లు సొరంగ రహదారిని కాసేపు అడ్డుకున్నారు.

స్విట్జర్లాండ్‌లో జెర్మాట్ ఇంకో దారి పట్టింది. పెట్రోలు, డీజిలు కార్లు ఊళ్లోకే రావు. అయిదు కిలోమీటర్ల దిగువన టెష్‌లో 2,100 కార్ల పార్కింగ్, అక్కణ్నుంచి పన్నెండు నిమిషాల రైలు. మొదటిది తలుపు దగ్గర లెక్కపెట్టడం, రెండోది తలుపు ఊరికి దూరంగా పెట్టడం.

మూలకొట్టు
అవి డబ్బున్న ఊళ్లు. మనకి రైలు ఎవడు వేస్తాడు?

తీరిగ్గాతిరిగేవాడు
అంత పెద్ద రైలు ఏర్పాటు లేకుండా కూడా అవుతుంది. మహారాష్ట్రలో మాథెరాన్ చూడండి. కార్లన్నీ దస్తూరి దగ్గర ఆగిపోవాలి, అక్కణ్నుంచి నడక, గుర్రం, చిన్న రైలు లాంటివే. ఊళ్లో కొట్లు మూతబడలేదు. అమెరికాలో జయాన్ నేషనల్ పార్కులో 2000 నుంచి సీజన్‌లో లోయలోకి సొంత కార్లు రానివ్వరు, షటిల్ బస్సు ఎక్కాలి. ఆ బస్సు పక్క ఊరి వీధిలో కూడా ఆగుతుంది, కాబట్టి జనం ఊళ్లోనే బస చేసి, కార్లు అక్కడే వదిలి వెళ్తారు.

నాలుగోగేరు
గుర్రాలు వస్తే మీ గేటు ముందు గుర్రం కడతారు. బోర్డు చదవడం దానికి రాదు, వాదించలేరు.

గేటుముందుకారు
కార్లవాళ్లకి చదువొచ్చి ఒరిగిందేముంది.

కొత్తగాచేరా
నాదొక చిన్న మాట. ఏం కట్టినా ఉచితంగా పెట్టండి. డబ్బు అడిగితే జనం మళ్లీ రోడ్డు మీదే ఆపుతారు.

లెక్కలపంతులు
సగం నిజం. రోడ్డు మీద ఉచితం, పార్కింగ్‌లో రుసుము అని పెడితే అదే జరుగుతుంది. ముందు రోడ్డు నిండుతుంది, పార్కింగ్ ఎండుతుంది. తిరగేయాలి. ఊళ్లో రోడ్డు మీద ఆపడం పూర్తిగా నిషేధం, ఊరి బయట నామమాత్రం. దగ్గరయ్యేకొద్దీ ఖరీదు, దూరమయ్యేకొద్దీ చవక.

పార్కింగ్ మీద జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్ ఒకాయన ఉండేవారు, అమెరికాలో, డొనాల్డ్ షూప్. వీధి పక్క చోటు ఎప్పుడూ 85 శాతం నిండేలా రుసుము పెట్టాలనేవారు. దాదాపు ఏడు గడులకి ఒకటి ఖాళీ ఉంటే వచ్చినవాడు వెతుక్కుంటూ తిరగడు. వచ్చిన డబ్బు ఆ వీధికే ఖర్చుపెట్టాలని కూడా ఆయనే చెప్పారు. మీ ఊళ్లో అదే ముఖ్యం. ఆ డబ్బుతో మరుగుదొడ్డి కడిగిస్తున్నారని కంటికి కనిపిస్తే ఎవరూ గొణగరు.

బస్సుస్టీరింగ్
రుసుము సంగతి సరే, గేటు దగ్గర నిలబెట్టి వసూలు చేయకండి. చిల్లర, రసీదు, "సార్ ఫోన్ పే పని చేస్తుందా" అంతా కలిపి బండికి అర నిమిషం. వెనక హారన్లు.

లెక్కలపంతులు
భలే. లెక్క కట్టండి. కారుకి ముప్ఫై సెకన్లంటే గంటకి 120 కార్లు. పొద్దున రద్దీ గంటలో 200 వస్తే 80 కార్లు రోడ్డు మీద. కారుకి 6 మీటర్ల చొప్పున 480 మీటర్ల బారు. ఊరి బయట పార్కింగ్ కట్టి ఆ బారు ఊళ్లోకే వచ్చిందంటే ఇంకేం లాభం? లోపలికి వదిలేయండి, ఆపుకున్నాక వరసల మధ్య తిరుగుతూ టికెట్టు ఇచ్చే మనిషిని పెట్టండి. గేటు కట్టాలనే ఉంటే రోడ్డు అంచున కాదు, బాగా లోపలికి.

రాత్రిషిఫ్టు
పగటి గురించే మాట్లాడుతున్నారు. మా వీధి చివర పార్కింగ్ కట్టాక రాత్రి పదకొండుకి మొదలవుతుంది సందడి. డిక్కీ తెరిచి పాటలు, పొద్దున సీసాలు. తెల్లటి ఫ్లడ్ లైటు పెడితే అది స్టేజీ అయింది, తీసేస్తే చీకట్లో ఇంకా ధైర్యం. చివరికి పని చేసింది ఇది: లైట్లు నడుము ఎత్తులో, కిందికి మాత్రమే పడేలా, పసుపు రంగువి, బల్బు మీద రాసే రంగు అంకె 3000 కెల్విన్ లోపు. పాటలకి స్టేజీలా అనిపించదు, ఎవరున్నారో మాత్రం కనిపిస్తుంది. రాత్రి ఫలానా వేళకి గొలుసు వేసేస్తారు. బయటి కారు లోపలికి రాలేదు, లోపల మిగిలిన కారు పోవాలంటే తాళం తీయాలి. గొలుసు తాళం ఎవరి దగ్గర అన్నది మీ ఊళ్లో ముందే తేల్చుకోండి, దాని మీదే మా ఊళ్లో సగం తగాదా.

పాతఇంజనీరు
ఎత్తు కమ్మీ పెట్టకండి మాత్రం. లారీలు రాకూడదని పెడతారు, ఫైరింజన్ కూడా రాదు.

చెట్టుకింద
ఉన్న పాత చెట్లు నరకొద్దని ఎవరైనా చెబుతారనుకున్నా. నరక్కపోయినా చంపొచ్చు. కొమ్మల అంచు ఎంతవరకు ఉందో అంతవరకు వేళ్లుంటాయి, దాటి కూడా. అక్కడ రోలర్ తోలితే మట్టి బిగిసి వేళ్లకి గాలి ఆడదు, మూడు నాలుగేళ్లలో చెట్టు పైనుంచి ఎండుతూ వస్తుంది. అప్పుడు "తెగులు" అంటారు. చెట్టు చుట్టూ కంచె కట్టాకే మిషన్లు దించాలి. కొత్తవి నాటితే నాలుగైదు గడులకొకటి, జిగురు కారేవి, బరువైన కాయలు రాలేవి కాకుండా. నీడ లేని పార్కింగ్‌లో జనం ఏసీ కోసం ఇంజను ఆన్ చేసే కూర్చుంటారు.

గేటుముందుకారు
చాలా సంగతులు తెలిశాయి. ఒక చిక్కు. నిర్వహణ వేలం పాడి కాంట్రాక్టుకి ఇస్తామంటున్నారు. బాగుంటుందా?

రెండోపంట
వేలంలో పాడినవాడికి కార్లు ఎన్నెక్కువైతే అంత లాభం. దారిలో కూడా నిలబెడతాడు, అంబులెన్స్ చోటూ అమ్ముతాడు. చేసి చూసిన ఊళ్ల సంగతే చెబుతున్నాను.

పాతఇంజనీరు
ఇవ్వాలనుకుంటే ఒప్పందంలో గడుల సంఖ్య రాయండి, గడులకి నంబర్లు వేయండి. నంబరు లేని చోట కారుంటే జరిమానా కాంట్రాక్టరే కట్టాలి. నిండగానే రోడ్డు మీదే, ఊరికి రెండు మలుపుల ముందు "నిండింది" బోర్డు తిప్పే మనిషి అతనిదే. ఆ బోర్డు లేని పార్కింగ్ ఎంత పెద్దదైనా దండగ.

కొత్తగాచేరా
ఎలక్ట్రిక్ కార్లకి చార్జింగ్ పెట్టొద్దా?

నీళ్లదారి
ఇప్పుడే మిషన్లు అక్కర్లేదు. నేల తవ్వినప్పుడే ఖాళీ గొట్టాలు పూడ్చేయండి. తర్వాత తవ్వితే పేవర్లన్నీ పెకలించాలి.

లెక్కలపంతులు
ఒక్క ఇటుక వేసేముందు లెక్క తీయండి. మామూలు ఆదివారం ఒకటి, రద్దీ ఆదివారం ఒకటి. ఇద్దరు పిల్లలకి నోటుబుక్కులిచ్చి అరగంటకోసారి ఊరంతా తిప్పండి, ఆగి ఉన్న ప్రతి కారు నంబరులో చివరి నాలుగంకెలు రాయమనండి. సాయంత్రానికి రెండు సంగతులు తేలతాయి: ఒక వేళకి గరిష్ఠంగా ఎన్ని కార్లున్నాయి, ఒక్కో కారు ఎంతసేపుంది. సగటున రెండు గంటలుంటే ఎనిమిది గంటల రోజులో ఒక గడి నాలుగు కార్లకి పనికొస్తుంది. రోజుకి 400 కార్లొచ్చినా, సమానంగా వస్తే వంద గడులు చాలు. సమానంగా రారు కాబట్టి నూట యాభై అనుకోండి. మీ వాళ్లు 400 గడులు కావాలంటుంటారు, పందెం.

గేటుముందుకారు
పందెం మీరే గెలిచారు. అయిదొందలు అన్నారు.

మూలకొట్టు
పిల్లల లెక్కలో మా కొట్టుకి సరుకు దింపే బండ్లని విడిగా రాయమనండి. రోడ్డు మీద ఆపడం నిషేధం అని రాసి పారేస్తే నా సరుకు ఎక్కడ దిగుతుంది? పొద్దున తొమ్మిదిలోపు దించుకోనివ్వాలి. అది ఇస్తే, నడకదారి మా ముందు నుంచి వస్తే, నా అభ్యంతరం లేదు. దారిలో రెండు బెంచీలు కూడా వేయండి, కూర్చున్నవాడే కొంటాడు.

అమ్మతోపాటు
బెంచీల మాటకి నా మద్దతు. చెయ్యి ఆనించే పిడి ఉన్నవి వేయండి, మోకాళ్ల నొప్పులవాళ్లు లేవగలరు.

గేటుముందుకారు
గ్రామసభలో పెట్టబోయేది ఇది. బడి మైదానంలో గట్టి నేల గడులు పన్నెండు, అవసరమైనవాళ్లకి మాత్రమే. ఊరి మొగదల ఉన్న బీడులో ఈ సీజన్‌కి తాడు, మేకులు, గేటు దగ్గర కంకర, వరసల్లో తిరిగి ఇచ్చే టికెట్టు. రెండు ఆదివారాలు పిల్లల లెక్క. ఆ అంకెలు వచ్చాకే పేవర్లా తారా అన్న మాట. సరుకు బండ్లకి తొమ్మిది దాకా. బస్సులు దించే చోటు కొట్ల మొదట్లో, తర్వాత బయటికి.

నాలుగోగేరు
బాగానే ఉంది గానీ నాలాంటివాణ్ని బోర్డు ఆపదు. మిట్టమధ్యాహ్నం ఎండలో అయిదు నిమిషాలు నడవమంటే, రోడ్డు పక్క ఖాళీ కనిపిస్తే దూరిపోతా. ఉన్నమాట.

పాతఇంజనీరు
అందుకే బోర్డు కాదు, రాళ్లు. రోడ్డు అంచు పొడుగునా ఒకటిన్నర మీటర్ల ఎడంతో మోకాలెత్తు రాళ్లు పాతితే కారు దూరదు, మనిషీ కుర్చీ దూరతాయి. పాతేముందు ఫైరింజన్‌ని ఒకసారి పిలిచి ప్రతి మలుపులో తిప్పించండి, దాని వెనక చక్రం ఎక్కడ కోస్తుందో సున్నంతో గీయండి. ఆ గీత లోపల రాయి వద్దు.

బస్సుస్టీరింగ్
ఫైరింజన్ దొరక్కపోతే చెప్పండి, ఖాళీ రోజు నా బస్సు తెస్తా. అది తిరిగిన మలుపులో ఏదైనా తిరుగుతుంది.